ఆటపాక పక్షులూ, నా ముగ్గు పాఠమూ

మీలో ఎంతమంది ఆటపాక చూశారు? కైకలూరు పక్కనే, కొల్లేటి పక్షులు గూళ్ళు పెట్టే చోటు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకీ ఎక్కింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో వెళ్ళాం.

పడవెక్కగానే మా అబ్బాయి కెమెరా నా చేతిలో పెట్టాడు. నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు, వాటి నిండా గూడబాతులు! ఆత్రంగా టకటకా నొక్కేశాను. చూసుకుంటే ఏముంది? ఒకదానికి తోక లేదు, ఇంకోదాని ముక్కు గోడకి గుద్దుకున్నట్టుంది.

"అమ్మా, ముగ్గేసేటప్పుడు వాకిలంతా నింపేస్తావా?" అన్నాడు వాడు.

అంతే, తెలిసొచ్చింది. ముగ్గుకి అందం గీతలోనే కాదు, చుట్టూ వదిలిన ఖాళీలోనూ ఉంటుంది కదండీ! పక్షి ఎటు చూస్తే అటు ఎక్కువ జాగా వదలాలి. కెమెరా తెర మీద నిలువు రెండు, అడ్డం రెండు గీతలు పెట్టుకుని, అవి కలిసే చోట పక్షి కన్ను ఉండేలా చూసుకోండి. నీటి అంచు ఒరగకూడదు. ఎండ మన వీపు మీద పడాలి. కుడివైపు పెద్ద గూడు వస్తే, ఎడమవైపు దూరాన ఎగిరే ఒక్క కొంగ చాలు, తక్కెడ సరిపోతుంది.

పదిన్నరయ్యేసరికి ఎండ ముదిరింది. ఒక ఎర్రకాళ్ళ కొంగ పిల్లల మీద రెక్కలు గొడుగులా పట్టి నిలబడింది. "ఇంకాస్త దగ్గరికి పోనీ బాబూ, నిండుగా వస్తుంది" అన్నాను.

పడవ నడిపే అబ్బాయి ఆపేశాడు. "వద్దమ్మా. తల్లి బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకి మాడిపోతాయి. కాకులూ ఊరుకోవు."

నా మొహం చిన్నబోయింది. బాలింత గదిలోకి చెప్పాపెట్టకుండా దూరేవాళ్ళని నేనే ఎన్నిసార్లు కసురుకున్నానో!

దూరం నుంచే తీశాను. కొంగ చిన్నగానే వచ్చింది. కానీ చుట్టూ నీళ్ళు, నెత్తిన ఎండ, రెక్కల నీడలో మూడు చిన్న తలలు, అన్నీ వచ్చాయి. దగ్గరికి వెళ్ళుంటే కొంగ ఒక్కటే వచ్చేది, ఆ తల్లి పడే పాటు వచ్చేది కాదు. ఇప్పుడు మా హాల్లో ఉన్నది ఆ ఫొటోనే.

మీరూ చలికాలంలో వెళ్ళి రండి. పొద్దున్నే బయల్దేరండి, మెరిసే చీరలొద్దు, పడవలో కేకలొద్దు. పక్షికి దాని జాగా దానికి వదలండి. ఫొటోకి అందం అదే వస్తుంది.