సున్నం గీత

మాది గోదావరిఖని. నేను స్కూటీ నేర్చుకుంది ఇంటర్ సెలవుల్లో, మా క్వార్టర్స్ గల్లీల్లో. అక్కడ బాగానే నడిపేదాన్ని. భయమంతా రాజీవ్ రహదారి ఎక్కే దగ్గరే. హైదరాబాద్ నుంచి సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం దాకా వచ్చే రోడ్డు అది. నాలుగు లేన్లు, బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు, మంచిర్యాల బస్సులు. మా చిన్న రోడ్డు వచ్చి అందులో కలిసే చోట ఎప్పుడు దూరాలో నాకు అర్థమయ్యేది కాదు. వెనక కూర్చున్న బాపు "ఆగు బిడ్డా, ఆగు... ఆఁ, ఇగ పో" అనేవాడు. ఆ "ఇగ పో" అనే మాటే నాకు సిగ్నల్.

పోయిన వానాకాలం అదే చోట బాపు పడ్డాడు. ఫస్ట్ షిఫ్ట్‌కు పోతున్నాడు. ముసురు, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. టిప్పర్ తగల్లేదు. తగులుతుందని హ్యాండిల్ తిప్పేసరికి బండి జారింది. మోచెయ్యి విరిగి నెలన్నర ఇంట్లోనే ఉన్నాడు. డ్రైవర్ దిగి "నువ్వెందుకు ఆగలేదు?" అన్నాడట. బాపు కూడా అదే అడిగాడట.

ఆ సెమిస్టర్‌లోనే మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో రేస్ కండిషన్ చెప్పారు. రెండు ప్రాసెస్‌లు ఒకే డేటాను ఒకేసారి మార్చబోతే వచ్చే గందరగోళం అది. ముందు ఎవరు, ఆగేది ఎవరు అని ముందే రాసిపెట్టకపోతే ఫలితం అదృష్టం మీద ఆధారపడుతుంది. అందరూ నోట్స్ రాసుకుంటున్నారు. నేను బాపు మోచెయ్యి గురించి ఆలోచిస్తూ కూర్చున్నా.

హాస్టల్‌కి వచ్చి వెతికాను. రోడ్డు గీతలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 35వ కోడ్ అని ఒకటి ఉంది. చిన్న రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట అడ్డంగా, పక్కపక్కనే రెండు తెగిన గీతలు ఉంటే, పెద్ద రోడ్డు మీది బండికి దారి ఇవ్వాలి, ఖాళీ దొరికాకే కలవాలి అని అర్థం. తోడుగా నేల మీద తలకిందుల త్రిభుజం కూడా వేస్తారు. అడ్డంగా ఒకటే నిండు గీత ఉంటే పూర్తిగా ఆగాలి. పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్ల కోసం మందపాటి అడ్డ పట్టీలు ఉంటాయి. టైర్ల కింద గడగడమంటే కాలు దానంతటదే బ్రేక్ మీదకి పోతుంది. జర్మనీలో అయితే ఒక లేన్ అయిపోయే చోట బ్యాగు జిప్ పళ్లలా ఇటొకటి, అటొకటి కలవాలని చట్టమే ఉంది. నిజం చెప్పాలంటే, లైసెన్స్ చేతికొచ్చిన రోజు కూడా ఆ రెండు తెగిన గీతల అర్థం నాకు తెలియదు.

దసరా సెలవుల్లో మా జంక్షన్ దగ్గర దిగి చూశాను. అక్కడ గీత ఉంది! చెప్పుతో దుమ్ము గీకితే కనిపించింది. బొగ్గు పొడి, బూడిద, వానకు కొట్టుకొచ్చిన మట్టి, అన్నీ దాని మీదే.

ఇంటికొచ్చి బాపుకి లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించా. థర్మోప్లాస్టిక్ పెయింట్‌ను దాదాపు 200 డిగ్రీల వేడిలో కరిగించి, రెండున్నర మిల్లీమీటర్ల మందాన పరిచి, మీద సన్నటి గాజు పూసలు చల్లుతారని చెప్పా. హెడ్‌లైట్ వెలుగు ఆ పూసల్లోకి పోయి మళ్లీ డ్రైవర్ వైపే తిరిగి వస్తుందని చెప్పా. ఏదో కొత్త విషయం చెప్తున్నట్టు ఫీలయ్యా.

బాపు నవ్వాడు. "గిది మాకు బాయిల ఎప్పటిసంది ఉన్నది బిడ్డా."

టబ్బులను తాడుతో లాగే హాలేజ్ దారిలో పక్క గోడకు మనిషి పట్టేంత గూళ్లు తవ్వుతారట. వాటినే మ్యాన్‌హోల్స్ అంటారు. టబ్బులు వస్తే అందులోకి దూరాలి. వాటికి సున్నం కొట్టి ఉంచాలని గనుల నియమాల్లోనే ఉంది. టోపీ లైటు పడితే నల్లటి గోడలో అది తెల్లగా కనిపిస్తుంది. "ఉరికేటప్పుడు ఆలోచించే టైం ఉండదు. తెల్లగ కనవడాలె, దూరాలె. అంతే."

"మరి బొగ్గు దుమ్ముకు నల్లబడదా?" అని అడిగా.

"పడుతది. మళ్ల కొడ్తరు. దానికి మనిషి ఉంటడు."

ఆ చివరి మాట దగ్గర నా ప్రెజెంటేషన్ ఆగిపోయింది. గీత ఎలా వేయాలో చదివాను కానీ, వేసినాక దాన్ని ఎవరు చూసుకోవాలో ఆలోచించలేదు. వేరే ఊళ్లలో గీతలు అరిగిపోతాయి. మా దగ్గర అరగకముందే పూడిపోతాయి. దుమ్ము కప్పిన గాజు పూస వెలుగును తిరిగి పంపదు.

గీత ఉన్నంత మాత్రాన ఏ బండీ ఆగదని నాకూ తెలుసు. కానీ అది కనిపించి ఉంటే, ఆ ముసురులో ఇద్దరిలో ఒక్కరికైనా "ఆగాల్సింది నేను" అని తెలిసేది. ఆ గీత లెక్కన ఆగాల్సింది బాపే. ఈ మాట ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అవ్ బిడ్డా, కనవడితె ఆగేటోన్ని" అన్నాడు.

మర్నాడు ఇద్దరం కలిసి దరఖాస్తు రాశాం. నేను తెలుగులో రాసిన మొదటి దరఖాస్తు అదే. నా స్పెల్లింగ్ తప్పులు బాపే దిద్దాడు. గీత మళ్లీ వేయండి, పెద్ద రోడ్డు మీద అడ్డ పట్టీలు వేయండి అని రాశా. కింద ఆయన తన చేత్తో ఒక లైన్ కలిపాడు: "వేసిన తరువాత వారానికి ఒకసారి ఊడ్పించగలరని మనవి."

ఇంకా జవాబు రాలేదు. గీత ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి, ఇంటికెళ్లినప్పుడల్లా అక్కడ ఆగుతున్నా. వెనక నుంచి హారన్ కొడతారు. కొట్టనీ.