పరదేశంలో ఒక ముద్ద

బి.ఎస్సీ., తృతీయ సంవత్సరం

పోయిన వేసవి సెలవుల్లో అక్క పురుటికని అమ్మ అమెరికా వెళ్ళవలసి వచ్చింది. ఇంగ్లీషు రాని మనిషి. తోడుగా నన్ను పంపారు. రాగి, వేరుశనగ పండించుకునే సేద్యగాళ్ళం మేము. టిక్కెట్లు బావే కొన్నాడు.

అక్కావాళ్ళ కాపురం వాషింగ్టన్ పక్కనే, మేరీలాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో. 1974లో ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ గద్దె దిగిన తర్వాత ఆ దేశం వదిలి వచ్చినవాళ్ళు ఎందరో ఆ చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఒక శుక్రవారం సాయంత్రం బావ నన్నూ అమ్మనూ వీధి చివరి ఇథియోపియా హోటలుకు తీసుకెళ్ళాడు. ఆరే బల్లలు.

నాకు లోపల బెరుకు. అంతకు ముందు వారం ఒక పెద్ద హోటల్లో అమ్మ చేత్తో తింటుంటే పక్కవాళ్ళు చూశారు. "ఇట్లా తినమ్మా" అని విసుక్కుంటూ ఫోర్కు ఆమె చేతిలో పెట్టాను. ఆ పూట ఆకలి లేదంది అమ్మ.

ఇక్కడ ఫోర్కులే లేవు! పెద్ద పళ్ళెం నిండా ఇంజెర పరిచి తెచ్చారు. టెఫ్ అనే ధాన్యం పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి, పెనం మీద పోసిన అట్టు అది. దానిమీద కుప్పలుగా ఎర్ర మసూరు పప్పు, శనగపిండితో ఉడికించిన షిరో, ఆకుకూర. బుధ, శుక్రవారాల్లో అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టరట. శుక్రవారం నీచు ముట్టని అమ్మకు ప్రాణం లేచొచ్చింది.

అట్టు తుంచి వాసన చూసి, "పిండి బాగా పులిసింది. ఏం గింజరా ఇది?" అంది. నేను అడిగితే హోటలు యజమానురాలు గుప్పెడు టెఫ్ తెచ్చి అమ్మ అరచేతిలో పోసింది. ఒక్కో గింజ మిల్లీమీటరు మించదు. "రాగులకంటే సన్నం. దీన్ని నూర్చేవాళ్ళకు ఎంత ఓపికో!" అంది అమ్మ. మన రాగి పుట్టిల్లు కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాలేనని చదివింది గుర్తొచ్చి, ఆమెతో చెప్పాను. ఆమె నవ్వి, అట్టులో పప్పు చుట్టి అమ్మ నోటికి అందించింది. దాన్ని గుర్షా అంటారట. ఆప్యాయంగా పెట్టే ముద్ద, కాదనకూడదు.

అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారమేమో అనుకొని నీళ్ళ గ్లాసు అందించాను.

"మా అమ్మ పోయినాక నాకు ముద్ద నోట్లో పెట్టినోళ్ళు లేరు నాయనా" అంది.

నేనేం చెప్పను? ఆ చేతి ముద్దలు తిని ఇంతవాణ్ణయ్యాను. అట్టు తుంచి, పప్పు చుట్టి, అందరి ముందూ అమ్మకు పెట్టాను. చుట్టడం రాక సగం కిందపడింది.

"నేర్చుకుంటావులే" అంది అమ్మ.