నాయిన డప్పు

మన హాస్టల్లో నేను ఎనిమిదో తరగతిలో చేరాను. మీ నాయిన ఏం చేస్తాడని ఎవరడిగినా "కూలి" అనేవాణ్ణి. డప్పు కొడతాడని చెప్పేవాణ్ణి కాదు. ఊళ్లో చావుకైనా జాతరకైనా నాయిన డప్పే ముందు నడిచేది. పని అయ్యాక అదే ఊరు ఆయన్ని గడప బయట నిలబెట్టేది.

తొమ్మిదిలో ఉండగా దసరా సెలవుల ముందు పది రోజులు డప్పు శిక్షణ పెట్టారు. నేర్పడానికొచ్చిన కళాకారుడు మొదటిరోజు ఒక్క దెబ్బ కూడా వేయనివ్వలేదు. గడ్డి మంట వేసి డప్పు కాచమన్నాడు. కాగితే మేకతోలు బిగిసి ఖంగున పలుకుతుంది, చెమ్మ తగిలితే మూగబోతుంది. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని పొడుగు పుల్ల. చిర్ర దెబ్బ తొందరగానే వచ్చింది. ఎడమచెయ్యే మొండికేసింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన ఉద్యమం డప్పు చాటింపునే తన పేరుగా, దండోరా అని పెట్టుకుందని ఆయనే చెప్పాడు.

సెలవుల్లో ఇంటికెళ్లి నాయిన డప్పు తీశాను. "సదువుకోమని పంపితే ఇదా నేర్చుకొచ్చింది?" అన్నాడు. కోపం కంటే భయమే ఎక్కువ ఆ మాటలో. నా బతుకూ ఆ గడప బయటే ఆగిపోతుందేమోనని. అయినా కొట్టాను. కాసేపు విని, నా ఎడమ మణికట్టు పట్టుకుని, "పుల్ల అంత బిగించి పట్టకురా, వదులుగా ఉంచు" అన్నాడు.

సెలవులయ్యాక గదిలో అందరికీ చెప్పాను, మా నాయిన డప్పు కొడతాడని. ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం మెల్లగా, "మా నాయిన కూడా" అన్నాడు.

తమ్ముళ్లారా, మిమ్మల్ని అడిగితే ఉన్నది చెప్పండి. మీ పక్క మంచం మీదివాడు అదే మాట కోసం ఎదురుచూస్తుండొచ్చు.

- ఒక పూర్వ విద్యార్థి