తిరుగు టికెట్టు

మా అమ్మకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతుంది. అలాంటి మనిషి తుని నుంచి హైదరాబాదుకి ఇరవై ఏళ్ళకి పైగా ఒక్కర్తే రైల్లో వచ్చి వెళ్ళింది. నాన్నగారికి కొట్టు వదిలి రావడం కుదిరేది కాదు, తమ్ముడికి చదువు, తర్వాత ఉద్యోగం. "భయం వెయ్యదామ్మా?" అంటే నవ్వేసేది. "భయం దేనికే? నేను నిద్రపోయినా మీ నాంపల్లి దాటి బండి ఎక్కడికీ పోదుగా!"

నిజమే. నాంపల్లిలో పట్టాలు అయిపోతాయి. మాది అబిడ్స్, స్టేషన్‌కి నడిస్తే పావుగంట. 2001లో పెళ్ళై వచ్చిన కొత్తలో మావారు మొదటిసారి చూపించినప్పుడు నాకూ వింతగానే అనిపించింది. మా తునిలో రైలంటే ఇటునుంచి వచ్చి అటు వెళ్ళిపోయేది. ఇక్కడ వచ్చిన బండి గోడ ముందు బుద్ధిగా ఆగిపోతుంది. మళ్ళీ వెళ్ళాలంటే వచ్చిన దారినే వెళ్ళాలి.

దీనికో కారణం ఉంది. నిజాం రాజ్యంలో మొదటి రైలు దారి 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి వేశారు. అందుకే పెద్ద జంక్షన్ అక్కడే. ఈ నాంపల్లి స్టేషన్ 1907లో కట్టింది, హుస్సేన్ సాగర్ పక్కనుంచి ఊళ్ళోకి వచ్చే పాయకి చివర. టికెట్టు మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది గానీ, అబిడ్స్‌లో ఆ పేరు చెప్తే మనవంక ఎగాదిగా చూస్తారు.

బండ్లు ఎక్కువేం ఉండవు, కానీ పేరున్నవే. పొద్దున్నే ఢిల్లీకి తెలంగాణ ఎక్స్‌ప్రెస్. రాష్ట్రం విడిపోక ముందు అదే ఏపీ ఎక్స్‌ప్రెస్, మా ఆడపడుచు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తుంది. మధ్యాహ్నం ముంబయికి హుస్సేన్ సాగర్, సాయంత్రం మద్రాసు వైపు చార్మినార్. మా ఇంటికి సంబంధించినంత వరకు అసలు బండి మాత్రం ఒక్కటే, గోదావరి. 1974 ఫిబ్రవరి 1న మొదలైందట. 2024లో యాభై ఏళ్ళు నిండాయని కేక్ కూడా కోశారు. సాయంత్రం వైజాగ్‌లో బయల్దేరి, తునిలో అమ్మని ఎక్కించుకుని, తెల్లారేసరికి నాంపల్లిలో దింపుతుంది.

అమ్మ ప్రయాణానికో పద్ధతి ఉంది. రాజమండ్రి వంతెన దాకా నిద్రపోదు. గోదావరిలో రూపాయి వేసి, దణ్ణం పెట్టుకుని అప్పుడు పడుకుంటుంది. సికింద్రాబాద్ వచ్చేసరికి బోగీ అంతా హడావిడి. ముక్కాలు మువ్వీసం జనం అక్కడే దిగిపోతారు. అమ్మ కదలదు. అక్కడినుంచి నాంపల్లి దాకా ఉన్న ఆ కాస్త సమయమే ఆవిడకి కావలసింది. ఖాళీ బోగీలో మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుంటుంది. పక్కనే చెరువు, తెల్లారుతున్న వెలుగు. నేను ప్లాట్‌ఫాం మీదకి వెళ్ళేసరికి రాత్రంతా ప్రయాణం చేసిన మనిషిలా కాక, పక్కవీధి పేరంటం నుంచి వస్తున్నట్టు దిగేది. వియ్యపురాలి ఎదట నలిగిన చీరతో నిలబడకూడదు కదా మరి!

పైగా మెట్లెక్కే పని లేదు. ప్లాట్‌ఫాంలన్నీ చివర్లో కలిసిపోతాయి కాబట్టి ఎందులో ఆగినా తిన్నగా నడిచి బయటికి రావడమే. మోకాళ్ళ నొప్పుల తల్లులున్న వాళ్ళకి ఈ సుఖం విలువ తెలుస్తుంది. చేతిలో సంచి ఎలాగూ ఉంటుంది. ఎండాకాలమైతే కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు, ఆవకాయ జాడీ, అత్తగారికి తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

2003లో మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి అమ్మ వచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అత్తగారు "ఎన్నాళ్ళుంటారు వదినగారూ?" అన్నారు. అంతే. ఆవిడ మాటలో ముల్లు లేదు, ఇప్పటికీ నేనలాగే నమ్ముతాను. పాల పాకెట్లు ఎన్ని చెప్పాలో లెక్క చూసుకోవడానికి అడిగి ఉంటారు. కానీ అమ్మ చెయ్యి కంచంలో ఆగింది. "ఎల్లుండి గోదావరికి వెళ్ళిపోతానండి వదినగారూ" అంది.

వారం ఉంటానని నాకు ఉత్తరం రాసిన మనిషి! ఆవిడ దగ్గర తిరుగు టికెట్టే లేదు.

ఆ సాయంత్రం అబిడ్స్‌లో దుకాణాలు చూసొస్తానని ఒక్కర్తే బయటికి వెళ్ళింది. చంటిపిల్లతో నేను వెంట వెళ్ళలేకపోయాను. చీకటిపడ్డాక వచ్చింది. చేతిలో ఏ ప్యాకెట్టూ లేదు. తర్వాతెప్పుడో తెలిసింది, నాంపల్లి రిజర్వేషన్ కౌంటర్ దగ్గర వరసలో నిలబడిందట. ఫారం నింపడం రాక, పక్కనున్న కాలేజీ అమ్మాయిని బతిమాలుకుందట. బెర్తు దొరకలేదు, వెయిటింగ్ లిస్టే. అయినా వెళ్ళింది.

అప్పటినుంచి అమ్మ ఎప్పుడొచ్చినా రెండు టికెట్లూ తునిలోనే తీసుకుని వచ్చేది. నాలుగు రోజులు, మహా అయితే అయిదు. నుమాయిష్ రోజుల్లో వచ్చి కూడా, ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ స్టేషన్ పక్కనే ఉండి కూడా, ఒక్క పూట ఎక్కువ ఉండేది కాదు. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి గట్టిగానే అడిగాను, నా ఇంట్లో నాకా మాత్రం హక్కు లేదనుకున్నావా అని. పర్సులోంచి టికెట్టు తీసి, మడత విప్పి చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది. "ఇది చేతిలో ఉంటే ఎవరూ ఏమీ అడగరే" అంది.

మా అత్తగారు పోయి మూడేళ్ళయింది. పోయేముందు మంచం పట్టినప్పుడు "మీ అమ్మ ఎప్పుడూ రైలు మీదే ఉంటుంది" అన్నారు నవ్వుతూ. ఆవిడ మాట వల్లేనని నేను చెప్పలేదు. చెప్పి ఏం చేస్తాను?

విచిత్రమేమిటంటే ఆవిడ పోయాక కూడా అమ్మ రెండు టికెట్లు కొనడం మానలేదు. రైల్వే వాళ్ళు 2020 మార్చిలో పెద్దవాళ్ళ రాయితీ ఆపేశాక, అంతవరకు సగం ధరకి వచ్చిన టికెట్టు పూర్తి ధరకి కొంటూ, సణుక్కుంటూ, అయినా రెండూ కొంది.

ఈ ఏడు అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. డెబ్బై నాలుగేళ్ళు. తమ్ముడు విమానం టికెట్టు తీస్తానన్నాడు. "జాడీ ఎక్కనిస్తారా?" అని అడిగింది, ఆ మాట అక్కడితో పోయింది. నేనే తుని వెళ్ళి తీసుకొచ్చాను. రాను టికెట్లు నేను తీశాను, కంప్యూటర్ ఇద్దరికీ ఎదురెదురు కింది బెర్తులే ఇచ్చింది. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళకి కింది బెర్తుల కోటా ఉందని మీకు తెలుసా? ఈ వయసు వల్ల నాకు ఒరిగింది ఇప్పటికి ఇదొక్కటే.

అర్ధరాత్రి కాకుండానే వంతెన దగ్గర లేపింది, రూపాయి వెయ్యమని. సికింద్రాబాద్‌లో జనం లేస్తుంటే నేనూ సంచులు సర్దబోయాను. "కూర్చో, మనది ఆఖరుది" అంది. తర్వాత చిన్న అద్దం తీసి బొట్టు దిద్దుకుంది. నల్లకళ్ళద్దాల వల్ల సరిగా కనపడక, నుదుటి మీద కొంచెం పక్కకి పడింది. ఎవరికోసం ఈ ముస్తాబు అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. బొట్టు సరిచేశాను.

"గోడకి కొట్టదు కదా?" అంది బండి నెమ్మదిస్తుంటే. 2024 జనవరి 10న చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగాల్సిన చోట ఆగక చివరి గోడని తాకి, మూడు బోగీలు పట్టాలు తప్పినప్పుడు టీవీలో చూసి నాకు ఫోన్ చేసింది. "మీ నాంపల్లి కూడా దాటేద్దామనుకుందే బండి!" అని. దేవుడి దయ, ఎవరికీ ప్రాణం మీదకి రాలేదు.

ఇంటికొచ్చి సంచి సర్దుతుంటే పర్సులో కనిపించింది. తుని కౌంటర్లో తీసిన తిరుగు టికెట్టు. పన్నెండు వేల ఏడువందల ఇరవై ఎనిమిది నంబరు బండి, స్లీపరు, ఆరో రోజు సాయంత్రానికి. నేను వెళ్ళకముందే తమ్ముడి స్నేహితుడి చేత తీయించి పెట్టుకుందన్నమాట. ఏమీ అనకుండా ఉన్నచోటే పెట్టేశాను.

రెండో రోజు, మూడో రోజు గడిచాయి. పొద్దున్నే మా అమ్మాయి ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ ఆఫీసుకి వెళ్తుంటే, అమ్మ బాల్కనీలో నిలబడి వీధి మలుపు తిరిగేదాకా చూసేది. సరిగ్గా మా అత్తగారు నిలబడే చోటే. మూడో రోజు సాయంత్రం నేను చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. పక్కనొచ్చి కూర్చుని తనూ నాలుగు తీసుకుంది.

"ఏమే, ఆ టికెట్టు రద్దు చేస్తే ఎంత కోస్తారు?"

"నలభై ఎనిమిది గంటల ముందైతే 120 అమ్మా" అన్నాను, తల ఎత్తకుండా.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఇవాళే వెళ్ళు. రేపటికి ఆలస్యమవుతుంది."

చెప్పులేసుకుని స్టేషన్ రోడ్డు మీద పరుగులాంటి నడక నడిచాను. రిజర్వేషన్‌కీ రద్దుకీ ఫారం ఒకటే. అమ్మ పేరు, వయసు రాశాను. కౌంటర్లో అబ్బాయి టికెట్టు తీసుకుని, మిగిలిన డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. తిరిగొచ్చి అమ్మ చేతిలో పెడితే కొత్త కంటితో ఒక్కొక్క నోటూ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నూట ఇరవై! రెండు కిలోల వంకాయలొచ్చేవి కదే" అంది, చిక్కుళ్ళ పళ్ళెం ముందుకి లాక్కుంటూ.