లేని ఊళ్ళ పటాలు

నాకొక వ్యసనమున్నది. లేని ఊళ్ళకు పటాలు గీస్తాను. ఎవరూ కట్టని కోటకు బురుజులు లెక్కపెడతాను. ఎన్నడూ ప్రవహించని యేటికి రేవులు నిర్ణయిస్తాను. పెద్దలు కొందరు దీనిని కాలక్షేపమంటారు, మరికొందరు అంతకంటె కటువైన మాటే అంటారు. వారితో వాదానికి దిగడం నా ఉద్దేశం కాదు. ఈ పనిలో ఏళ్ళ తరబడి నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఒకటున్నది. ఎదుటివారితో "మీ ఇష్టం" అనడం సులభం. ఆ ఇష్టాన్ని నిజంగా వారి చేతికివ్వడం ఎట్లా?

ఈ పటాలు ఒక ఆట కోసం. దానిని పాత్రధారణ క్రీడ అనవచ్చు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణమున్నది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట 1974లో అక్కడి నుండే వెలువడింది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అంతకుముందు వారందరూ సీసపు సైనికులను బల్లపై నిలిపి యుద్ధక్రీడలు ఆడినవారే. పొరుగున ఉన్న మినెసోటా రాష్ట్రంలో ఆర్నెసన్ 1971 ప్రాంతంలో బ్లాక్‌మూర్ అనే కల్పిత సీమను సృష్టించి, ఒక్కొక్క ఆటగాడి చేత సైన్యాన్ని కాక ఒక్క మనిషిని నడిపించాడు. కోట కింది సొరంగాలలోకి ఆ మనుషులను దింపాడు. యుద్ధక్రీడ కథగా మారిన మలుపు అదే.

ఆట జరిగే విధానం క్లిష్టమైనదేమీ కాదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ప్రతివారూ ఒక పాత్రను ధరిస్తారు. ఒకరు మాత్రం నిర్వాహకులు. "మీ ఎదుట శిథిలమైన ద్వారమున్నది, లోపలినుండి పొగ వాసన వస్తున్నది" అని నిర్వాహకుడు చెబుతాడు. తామేమి చేస్తామో ఆటగాళ్ళు చెబుతారు. ఫలితం సందేహాస్పదమైనప్పుడు పాచికలు తీరుస్తాయి. గెలుపు ఓటములు లేవు. మన ఇళ్ళలో అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు ఊకొడతారు కదా. ఇక్కడ ఊకొట్టడం లేదు. వినేవాడు మధ్యలో లేచి, "ఆగు, నేను ఆ అడవిలోకి పోను" అంటాడు. అప్పుడు కథ ఆగవలసిందే.

చదువు నిమిత్తం మినియాపొలిస్‌లో ఉన్న రోజులలో ఈ ఆట నాకు పరిచయమయింది. మోకాలి లోతు మంచు పడే ఆ చలికాలంలో శనివారం సాయంత్రాలకు అది మంచి ఆశ్రయం. హైదరాబాదుకు తిరిగివచ్చిన తరువాత నిర్వాహకుని ఆసనం నాకే దక్కింది. కారణం ప్రతిభ కాదు, ఆట తెలిసినవాడు నేనొక్కడినే.

నిర్వాహకుడు కథ వ్రాయడు, చోటును నిర్మిస్తాడు. ఈ భేదం గ్రహించనివాడు చేసే మోసమొకటున్నది. మూడు దారులు చూపుతాడు. ఏ దారిన పోయినా తాను సిద్ధం చేసుకున్న రాక్షసుడినే ఎదురు నిలుపుతాడు. ఆటగాళ్ళకు ఆ సంగతి తెలియదు కాబట్టి నష్టమేమిటని కొందరు వాదిస్తారు. నాకు ఆ వాదం రుచించదు. తెలియకపోయినా మోసం మోసమే. పైగా నాలుగు వారాలకు తెలియనే తెలుస్తుంది. ఒకసారి తెలిసిన తరువాత ఆటగాళ్ళు దారులను గూర్చి ఆలోచించడం మానివేస్తారు. నిర్వాహకుడు ఎటు తోలితే అటు నడుస్తారు.

నిజమైన దారులను ఎట్లా వేయాలో నేను ఒక పాత పుస్తకం నుండి నేర్చుకున్నాను. 1979లో జెనెల్ జాకేస్ రచించిన 'కావెర్న్స్ ఆఫ్ త్రేసియా' భూగర్భ శిథిలాల వర్ణన. అందులో లోపలికి పోవడానికి ఒకటి కంటె ఎక్కువ మార్గాలున్నాయి. ఒక అంతస్తు నుండి మరొక అంతస్తుకు దిగడానికి మెట్లే కాక వేరు ఉపాయాలున్నాయి. బయలుదేరిన చోటికే చుట్టి తిరిగివచ్చే బాటలున్నాయి. లోపల నివసించే మృగమానవులకు, మృత్యుదేవతను కొలిచే మనుషులకు పరస్పర వైరం. ఒకరిని తప్పించుకొని మరొకరి వెనుకకు పోవచ్చు, ఒకరితో పొత్తు కలిసి మరొకరిని ఎదిరించవచ్చు. చెట్టు కొమ్మవలె చీలి చీలి అంతమయ్యే పటానికి, వలవలె అల్లుకున్న పటానికి ఎంత వ్యత్యాసమున్నదో ఆ పుస్తకం చూచిన తరువాత నాకు బోధపడింది. జాకేస్ 2024 జనవరిలో మరణించారు. ఈ విద్యలో ఆమె పేరు ఇప్పటికీ గౌరవంతో తలుచుకుంటారు.

దారులు అనేకమైనంత మాత్రాన చాలదు. ఒకే రకమైన రెండు తలుపులు చూపి "ఏది తెరుస్తారు?" అని అడిగితే అది బొమ్మా బొరుసా వేయడమే. ఒక తలుపు కింద తడి ఉండాలి. రెండవ దాని గొళ్ళానికి కొత్తగా పూసిన నూనె ఉండాలి. అప్పుడు ఆలోచనకు చోటు దొరుకుతుంది. గైగాక్స్ 1975లో ఒక పోటీ కోసం తయారుచేసి, 1978లో అచ్చు వేసిన 'టూమ్ ఆఫ్ హారర్స్' ప్రాణాంతకమైన ఉచ్చులకు ప్రసిద్ధి. దానిని నేను ఇష్టపడను. పోటీలో వడపోతకు అది తగినదే కావచ్చు గాని, వారం వారం ప్రేమతో పెంచుకున్న పాత్రను అట్లాంటి సమాధిలోకి పంపడానికి నాకు మనసొప్పదు. అయినా అందులో ప్రవేశమార్గం నేల మీదనే ముందున్న అపాయాలను గూర్చి గూఢమైన హెచ్చరిక కూర్చి ఉంచాడు. ఆ మాత్రం ధర్మం ఆయన పాటించాడని ఒప్పుకోవాలి.

ఇక చోటులో ఎదురయ్యేవారి సంగతి. ఇంగ్లీషులో దీనికి వాడే మాట ఎన్‌కౌంటర్. తెలుగు వార్తాపత్రికలు చదివి పెరిగిన మనకు ఆ మాట వినగానే తుపాకుల మోత వినిపిస్తుంది. చివరకు ఎవరో ఒకరు పడిపోయి ఉంటారు. అందువల్ల నేను 'తారసపాటు' అనే మాటను వాడుకుంటాను. తారసపడినవాడు శత్రువే కానవసరం లేదు. బాటసారి కావచ్చు, దారి తప్పినవాడు కావచ్చు, మన కంటె ఎక్కువగా భయపడుతున్నవాడు కావచ్చు.

విచిత్రమేమంటే ఈ వివేకం ఆట తొలి రోజులలోనే ఉన్నది. 1981 నాటి ప్రాథమిక నియమావళిలో, ఎదురుపడిన జీవి వైఖరి ఏమిటో తేల్చడానికి రెండు పాచికలు వేయమన్నారు. మొత్తం రెండు వస్తే అది వెంటనే మీద పడుతుంది. పన్నెండు వస్తే ఉత్సాహంతో స్నేహం చేస్తుంది. రెండు పాచికలకు కలిగే 36 అవకాశాలలో ఈ రెండింటికీ చెరి ఒక్కటే. ఆరు, ఏడు, ఎనిమిది వస్తే ఆ జీవి ఎటూ తేల్చుకోలేదన్నమాట. దానికి 16 అవకాశాలున్నాయి. అంటే చాలాసార్లు ఎదుటివాడు సందిగ్ధంలో ఉంటాడు, మన మాట కోసం ఎదురుచూస్తాడు. పైగా ఆ నాటి నియమాలలో చంపినందుకంటె నిధిని వెలికి తెచ్చినందుకే ఎక్కువ అనుభవ పాయింట్లు లభించేవి. కత్తి దూయకుండా పని సాధించినవాడే తెలివైనవాడు.

గైగాక్స్ వ్రాసిన 'కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్'లో ఒక లోయలోని గుహలలో అనేక జాతుల భూతాలు విడివిడిగా కాపురముంటాయి. వాటిలో గాబ్లిన్ అనే పొట్టి భూతాలు, తమ మీదికెవరైనా వస్తే, పక్క గుహలోని ఓగర్ అనే స్థూలకాయునికి 250 బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుస్తాయి. ఈ ఒక్క వాక్యం నాకు పది పుటల వర్ణన కంటె విలువైనది. ఆ స్థూలకాయుడు కూలికి వచ్చినవాడు! కూలికి వచ్చినవాడితో బేరమాడవచ్చునన్న ఊహ ఆటగాళ్ళకు తట్టక మానదు.

నేను చోట్లను కల్పించేటప్పుడు నా కళ్ళు చూచిన వాటినే ఆధారం చేసుకుంటాను. గోల్కొండకు వెళ్ళినవారందరికీ తెలిసినదే. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు చరిస్తే దాదాపు కిలోమీటరు దూరాన, కొండపైనున్న బాలాహిస్సార్ వద్ద వినిపిస్తాయి. ఆ గుణాన్ని ఒక కల్పిత కోటకు తగిలించాను. దాన్ని ఎట్లా జయించాలో నేను ఆలోచించలేదు, ఆలోచించకూడదు కూడా. మా ఆటగాళ్ళలో ఒకరు రాత్రంతా ద్వారం కింద నిలిచి గడియకొకసారి చప్పట్లు చరిచి పారిపోయారు. ఆరవసారికి పైనున్న కావలివాళ్ళు విసిగి దిగిరావడం మానివేశారు. ఏడవసారి బృందమంతా లోపలికి నడిచింది. అసలు గోల్కొండ మాత్రం? ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోట 1687లో లోపలివాడొకడు తలుపు తీయడంతో పట్టుబడింది. రాతి గోడల మందంతో పాటు, లోపలి మనుషులలో ఎవరికేమి కావాలో కూడా వ్రాసి పెట్టుకోవాలని నాకు ఆ చరిత్రే నేర్పింది.

అన్నింటికంటె నాకు ప్రీతిపాత్రమైనది ఒక చెరువు. పాత కట్ట, రెండు తూములు, పైన ఒక ఊరు, కింద ఒక ఊరు. కింది తూము దగ్గర నీళ్ళలో ఒక జలభూతం పడుకొని ఉంటుంది. అందువల్ల కింది ఊరికి నీరందదు. దాన్ని చంపడానికి ఆ ఊరివాళ్ళు వీరులను పిలుస్తారు. పై ఊరివాళ్ళు మాత్రం అమావాస్యకొక మేకను రహస్యంగా సమర్పించి దానిని కదలకుండా ఉంచుతున్నారు. ఇరువురికీ తెలియనిది మరొకటున్నది. లోపల గుల్లబారిన కట్ట ఆ భూతం వెన్ను ఆనుకొనే నిలిచి ఉన్నది. ఈ మూడు రహస్యాలకూ జాడలు పెట్టాను. కట్ట మీద తెగిన పలుపులు, నీటి అంచున ఎముకలు, కట్ట వెనుక నడివేసవిలోనూ పచ్చగా ఉన్న గడ్డి.

మొదటి బృందంలో అనంతపురం జిల్లా నుండి వచ్చిన యువకుడొకడు ఉండేవాడు. రైతు కుటుంబం. మిగిలినవారు ఈటెలు, వలలు లెక్కించుకుంటుంటే అతడు, "కట్ట వెనుక నేల ఎట్లా ఉందన్నా?" అని అడిగాడు. చెమ్మగా ఉన్నదన్నాను. కొంతసేపు ఊరకుండి, "ఈ ఊరికి నీరుగంటి లేడా?" అన్నాడు. నా కాగితాలలో నీరుగంటి లేడు. అయితే ఆ చెరువు కింద ఎవరు ఎవరికి ఏమి బాకీ ఉన్నారో నాకు తెలుసు కాబట్టి, "ఉన్నాడు, ఏళ్ళ తరబడి జీతం గింజలు కొలవక పోవడంతో తూముల వైపు పోవడం మానివేశాడు" అని చెప్పాను. అతడిని వెంటబెట్టుకొని వారు నీటి అంచుకు వెళ్ళారు. పాచికలు వేస్తే ఏడు వచ్చింది. భూతం తల పైకెత్తి చూస్తున్నది, కదలడం లేదు.

వేసవిలో నీరు ఇంకిపోతుందన్న భయంతోనే అది లోతున్న ఆ తూము దగ్గర చేరిందని నేను ముందే ఒక పంక్తిలో వ్రాసుకున్నాను. ఆ సంగతి దాని నోటనే చెప్పించారు. రెండు ఊళ్ళ పెద్దలనూ ఒక చెట్టు కింద కూర్చోబెట్టారు. చెరువు నడుమ మడుగు తవ్వడానికి, కట్టకు మట్టి పోయడానికి, నీటికి వంతులు వేయడానికి మూడు శనివారాలు పట్టింది. అందులో ఒక సాయంత్రమంతా తట్టల లెక్కతోనే గడిచింది. చూచేవారికి ఇంతకంటె నీరసమైన ఆట ఉండదు. భూతం మడుగులోకి తరలిన రాత్రి ఆ యువకుడు పాచికలు సర్దుతూ, "మా ఊళ్ళో ఇట్లా ఎవరూ కూర్చోబెట్టలేదన్నా" అన్నాడు. నేను బదులు చెప్పలేదు.

రెండవ బృందం భూతాన్ని చంపింది. గడ్డినీ, చెమ్మనూ చూచికూడా తొందరపడ్డారు. తెల్లవారేసరికి కట్ట తెగి కింది ఊరి పొలాలలో ఇసుక మేట వేసింది. "దీన్ని వెనక్కి తీసుకోవడానికి వీలు లేదా?" అని ఒకరు మెల్లగా అడిగారు. లేదన్నాను. ఆ రోజు ఇంటికి పోతూ ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు. వారు తరువాతి మూడు నెలలూ ఆ ఊరి జనానికి గింజలు తెచ్చిపెట్టే పనిలోనే తిరిగారు. ఆ పని నేను చెప్పినది కాదు.

మూడవ బృందం కోట వైపు పోతూ ఆ కట్ట మీద ఒక్క రాత్రి మాత్రమే ఆగింది. తోలుతిత్తులలో నీళ్ళు నింపుకున్నారు, మర్రిచెట్టు కింద పడుకున్నారు. అది అమావాస్య. చీకటిలో ఎక్కడో మేక అరిచిందని చెప్పాను. ఒక అమ్మాయి తలెత్తి నావైపు చూచింది గాని, మిగిలినవారు అప్పటికే కోట తలుపులను గూర్చి మాట్లాడుకుంటున్నారు.