నంబరు వెనక మనిషి

కొందరు స్టాంపులు పోగుచేస్తారు. కొందరు పాత నాణేలు దాస్తారు. నా పిచ్చి కాస్త వేరు. నాకు పాత సర్వీసు రివాల్వర్లంటే ఇష్టం. కంగారుపడకండి, మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఉండే వీలూ లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దాచుకోవడం నేరం. సైన్యం వాడే బోరుదైతే మామూలు మనిషికి లైసెన్సు దొరకడమూ గగనమే. మాది శ్రీసత్యసాయి జిల్లా రొళ్ల. ఎన్నికలొచ్చాయంటే లైసెన్సున్న తుపాకుల్నే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోమంటారు. అలాంటి చోట రివాల్వర్ల సేకరణ అంటే పోలీసు జీపును ఇంటికి పిలుచుకోవడమే!

అందుకే నేను సేకరించేది తుపాకుల్ని కాదు, వాటి కథల్ని. ఫలానా ఆయుధం ఫలానా మనిషిదని ఎలా తేలిందో వెతికి చదివి రాసుకుంటాను. ఇప్పటికి రెండు లాంగ్ నోటుపుస్తకాలు నిండాయి.

ఇంగ్లండు, అమెరికాల్లో ఇది పెద్ద వ్యాపకం. మొదటి ప్రపంచయుద్ధం దాకా బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్లు రివాల్వరును సొంత డబ్బుతో కొనుక్కునేవారు. కొందరు దానిమీద పేరో, పొడి అక్షరాలో చెక్కించుకునేవారు. 1915లో సైన్యం తీసుకున్న వెబ్లీ మార్క్ సిక్స్ లాంటి వాటిమీద తయారైన సంవత్సరం, సర్కారు సొత్తని చెప్పే బాణం గుర్తు, నంబరు ఉంటాయి. కొన్నిటిమీద పటాలం గుర్తూ ఉంటుంది. సేకరించేవాళ్లు భూతద్దం పట్టుకుని వాటిని చదువుతారు. గుర్తును బట్టి పటాలం, పటాలం జాబితాను బట్టి మనిషి. అమెరికాలో కోల్ట్ కంపెనీకైతే రుసుము కట్టి నంబరు పంపితే చాలు. పాత లెడ్జర్లు తిరగేసి, ఆ తుపాకీ ఫ్యాక్టరీ నుంచి ఏ రోజు, ఎవరికి వెళ్లిందో ఉత్తరం రాసిస్తారు.

మన దేశంలోనూ నంబరు ఓ అద్భుతం చేసింది. అది రివాల్వరు కాదు, పిస్తోలు. అయినా నా పుస్తకంలో మొదటి పేజీ దానిదే. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్‌ను కాల్చినప్పుడు భగత్‌సింగ్ చేతిలో ఉన్నది పాయింట్ 32 బోరు కోల్ట్ ఆటోమేటిక్. దాని నంబరు 168896 అని కోర్టు రికార్డుల్లో ఉంది. ఆ తర్వాత అది ఎక్కడుందో జనం మరిచిపోయారు. నిజానికి 1969లోనే అది పంజాబ్‌లోని ఫిల్లౌర్ పోలీసు అకాడమీ నుంచి, ఇంకొన్ని ఆయుధాలతో కలిసి ఇండోర్‌లోని సరిహద్దు భద్రతా దళం శిక్షణ కేంద్రానికి చేరింది. తుప్పు పట్టకుండా నల్లరంగు పూసి మ్యూజియంలో పెట్టారు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత ఎవరో ఆరా తీస్తే, ఆ రంగు గీకి చూశారు. కింద అదే నంబరు! ఊరూపేరూ లేని ఇనుపముక్క ఒక్క క్షణంలో భగత్‌సింగ్ పిస్తోలు అయింది. 2017లో దాన్ని ఆయన అంత్యక్రియలు జరిగిన హుస్సేనీవాలాకు తీసుకెళ్లారు.

చంద్రశేఖర్ ఆజాద్ పిస్తోలుది ఇంకో దారి. 1931 ఫిబ్రవరి 27న అలహాబాద్ ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన చనిపోయాక, అప్పటి పోలీసు అధికారి నాట్ బోవర్ దాన్ని ఇంగ్లండు తీసుకుపోయాడు. 1970ల్లో అది తిరిగొచ్చింది. ఇప్పుడు అలహాబాద్ మ్యూజియంలో ఉంది.

ఇక మన అల్లూరి సీతారామరాజు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడిచేసి 26 తుపాకులు పట్టుకుపోయాడు. అదీ దొంగలా కాదు. ఏమేం తీసుకున్నదీ రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. ఆయుధం ఎవరి చేతికి వెళ్లిందో తీసుకున్నవాడే రాసిచ్చిన సందర్భం నాకు మరొకటి తెలియదు.

ఇవన్నీ రాసుకుంటూ పోతుంటే ఒక సంగతి మనసులో గుచ్చుకునేది. రివాల్వరు ఆఫీసరు ఆయుధం. సిపాయికి ఇచ్చేది రైఫిలు. అదీ సర్కారుదే. పటాలం వదిలేరోజు అప్పగించి రావాలి. మరి సిపాయి పేరు దేనిమీద మిగులుతుంది?

మెడల్ మీద. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. ఒకవైపు ఐదో జార్జి రాజు బొమ్మ, రెండోవైపు గుర్రమెక్కిన మనిషి. అసలు విషయం ఆ బొమ్మల్లో లేదు, అంచు మీద ఉంది. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం పేరు అక్కడ చిన్న అక్షరాల్లో కొట్టి ఉంటాయి.

మా ముత్తాతకూ అలాంటిదొకటి ఉండేది. బెంగళూరులో మద్రాస్ శాపర్స్‌లో చేరి మెసపొటేమియా వెళ్లొచ్చాడు. ఇంట్లో దాన్ని ‘రాజు బిళ్ల’ అనేవారు. ఓ కరువు ఏడాది పెద్దమ్మ పెళ్లి కుదిరింది. పట్టీలకు వెండి చాల్లేదు. అవ్వ ఆ బిళ్లను కంసాలికిచ్చి కరిగించింది. అవ్వను నేనెప్పుడూ తప్పుపట్టలేదు. ఆడపిల్ల ఉత్త కాళ్లతో అత్తారింటికి వెళ్లకూడదనుకుంది, అంతే. కానీ ఆ అంచుతోపాటే ముత్తాత నంబరూ కరిగిపోయింది. ఇంట్లో పిలిచే పేరు మాకు తెలుసు. సైన్యం రాసుకున్న పేరు తెలియదు. తండ్రి పేరు కలిపారో, ఊరి పేరు కలిపారో! నంబరు లేకపోతే అదే పేరున్న పదిమందిలో మావాడెవరో చెప్పలేం.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. సిపాయిలకు మాత్రం పటాలం కింద ‘ఇంతమంది’ అని లెక్క వేశారు. ఇలాంటి వివక్ష మీద 2021లో నివేదిక వచ్చాక, యుద్ధ సమాధులు చూసే కామన్‌వెల్త్ కమిషన్ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది లాహోర్ మ్యూజియంలోని రిజిస్టర్లలో ఉన్న 3,20,000 మంది పంజాబ్ సైనికుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించారు. అక్కడివాళ్లు ఇప్పుడు ఊరి పేరు కొట్టి ముత్తాతను వెతుక్కుంటున్నారు.

మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే ఓసారి తెరిచి చూడండి. మెడల్ కనబడితే అంచును వెలుగులో తిప్పి చదవండి. అమ్మక తప్పకపోతే అమ్మండి. దానికి ముందు ఆ అంచును ఫోన్లో ఫొటో తీసి, నంబరు కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన నాలుగు మాటలు దానికి జోడించండి. ఒకవేళ తాతలనాటి తుపాకీయే బయటపడితే మాత్రం దాచకండి. దగ్గర్లోని స్టేషన్లో అప్పగించండి. ఇచ్చే రసీదులో నంబరు రాయించుకోవడం మరవకండి.