నేలమాళిగలో అరవైమూడేళ్ళు

ఫ్రాన్సు దేశపు నైరుతి దిక్కున బోర్డో నగరం వున్నది. అక్కడ రైలెక్కితే ముప్పావుగంట లోపల సెయింట్ ఎమిలియన్ అనే చిన్న వూరు వస్తుంది. స్టేషను నుంచి ద్రాక్షతోటల మధ్యగా నడిచి పోవాలి. డిసెంబరు నెలలో ఆ తోటలను చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. ఒక్క ఆకు వుండదు. మోకాలెత్తు మోళ్ళు వరసలు తీరి, చలికి ముడుచుకుని నిలబడి వుంటాయి. జగత్ప్రసిద్ధమైన వైను వీటినుంచేనా వచ్చేది అనిపిస్తుంది.

వూరు సున్నపురాతి గుట్టమీద వున్నది. 8వ శతాబ్దంలో ఎమిలియన్ అనే సన్యాసి ఇక్కడి గుహలో వుండేవాడనీ, ఆయన పేరే వూరికి వచ్చిందనీ చెబుతారు. తరువాతివారు కొండనే తొలిచి పెద్ద చర్చి కట్టారు. కట్టారనడం కంటే చెక్కారనడం సబబు. ఇళ్ళకోసం కూడా శతాబ్దాల తరబడి రాయి తవ్వారు. రాయి పైకి వచ్చి వూరయింది. కింద మిగిలిన ఖాళీ సొరంగాలయింది. ఆ సొరంగాలలోనే ఇప్పుడు వైను సీసాలు నిద్రపోతున్నాయి. 1999లో యునెస్కోవారు ఈ వూరినీ, చుట్టుపట్ల తోటలనూ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

మా అబ్బాయి ఉద్యోగం బోర్డోలో. 2018 డిసెంబరులో నేనూ మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, వాడితో పనిచేసే కుర్రవాడి తలిదండ్రులు క్రిస్మసు ముందురాత్రి విందుకు మమ్మల్ని పిలిచారు. ఆ యింటి యజమాని బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయన తల్లికి తొంభయ్యేళ్ళు. మనవళ్ళందరిలాగే మేమూ ఆమెను మామ్మగారనే అనుకున్నాము.

‘‘మీదే వూరు?’’ అని మామ్మగారు అడిగారు. యానాం దగ్గర అని మావాడు ఫ్రెంచిలో చెప్పాడు. ఆమె కళ్ళు మెరిశాయి. పాండిచ్చేరి, కరైకాల్, యానాం, మాహే, చంద్రనగర్ అని ఎక్కం అప్పజెప్పినట్లు గడగడ చెప్పారు. ఆమె చిన్నతనంలో ఫ్రెంచి పిల్లలు ఈ అయిదు పేర్లూ కంఠస్థం చేసేవారట. దానితో కొత్త పోయింది.

పంతులుగారు మమ్మల్ని నేలమాళిగలోకి తీసుకువెళ్ళారు. ఇరవై మెట్లు దిగితే, ఎండాకాలమైనా చలికాలమైనా మారని ఒకే చల్లదనం. పన్నెండు పదమూడు డిగ్రీలు. సీసాలన్నీ పడుకోబెట్టి వున్నాయి. అలా పెడితే వైను తగిలి బిరడా తడిగా వుంటుంది. బిరడా ఎండితే గాలి దూరి లోపలిది పులిసిపోతుంది. వెలుతురు సోకరాదు, కదలిక వుండరాదు.

‘‘మన ఆవకాయ జాడీకంటే దీనికే మడి ఎక్కువ!’’ అన్నది మా ఆవిడ.

ప్రతి అరకూ ఒక చిన్న పలక, దానిమీద సుద్దతో సంవత్సరం. 1955 అన్నచోట రెండే సీసాలు మిగిలి వున్నాయి. వాటి కథ మామ్మగారే చెప్పారు.

ఆమె భర్తకు చిన్న తోట వుండేది. 1955లో పంట బాగా వచ్చింది. కోతలు ముగిసిన వారంలోనే పంతులుగారు పుట్టారు. ఆ వైను ఇంకా పీపాలలో వుండగానే 1956 ఫిబ్రవరి వచ్చింది. జనవరి నులివెచ్చగా గడిచి మొక్కలలో రసం కదులుతున్న సమయంలో ఒక్కసారిగా ఘోరమైన చలి విరుచుకుపడింది. ఈ ప్రాంతంలో ఎన్నో ముసలి తీగలు బోదెలు చిట్లి చచ్చిపోయాయి. వీరి తోట కూడా చాలామటుకు పోయింది. తిరిగి నాటితే తొలి కాపుకే మూడు నాలుగేళ్ళు పడుతుంది. అంతవరకు సంసారం గడవడానికి పీపాలు అమ్మేశారు. కొడుకు పేర రెండు డజన్ల సీసాలు మాత్రం దాచారు. ఇరవయ్యొకటో పుట్టినరోజుకూ, పెళ్ళికీ, బిడ్డలు పుట్టినప్పుడూ, చివరకు భర్త పోయిననాడూ ఒక్కొక్కటే తీశారు. తోట ఎన్నడో అమ్ముడుపోయింది.

‘‘ఈ రెండూ వుండనీ అమ్మా,’’ అన్నారు పంతులుగారు.

‘‘వుంచితే సీసా మిగులుతుంది. వైను మిగలదు,’’ అన్నారామె.

ఆ మాట నిజం. వైను ఎంత పాతదైతే అంత మంచిదని మనవారు అనుకుంటారు గాని, చాలా రకాలు కొద్ది సంవత్సరాలలోనే తాగవలసినవి. నిలవవుండే జాతివి కూడా పెరిగి, పండి, తరువాత వాడిపోతాయి.

విందుకు ముందు ఆల్చిప్పలతో తెల్ల వైను ఇచ్చారు. తరువాత బాతు కాలేయంతో సోటెర్న్ అనే తియ్యని పచ్చని వైను, కోడితో చెస్ట్‌నట్ గింజలు. శాకాహారులమైన మాకు ఆ గింజలతోనే చేసిన చారు, జున్ను, రొట్టె. అటుపైన 1955 సీసాల వంతు వచ్చింది. మడ్డి అడుగుకు దిగడానికి వాటిని రెండు రోజుల ముందే నిలబెట్టి వుంచారు. పంతులుగారు మెడ కింద కొవ్వొత్తి పెట్టుకుని, మడ్డి రాకుండా గాజుకూజాలోకి వంచారు. వాసన చూసి ఏమీ మాట్లాడలేదు. తడిసిన అట్టపెట్టె కంపు! బిరడాలోని దోషం వైనుకు పట్టింది.

బల్ల అంతా నిశ్శబ్దం. రెండోదాన్ని ముట్టుకోవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. మామ్మగారు మెలిచువ్వ తీసి కొడుకు చేతికి అందించారు. బిరడా సగం విరిగింది. మిగిలిన సగాన్ని ఆయన వూపిరి బిగబట్టి లాగారు.

ఈసారి కూజాలోకి దిగినది పాత ఇటుక రంగు. తాగుడెరుగని కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఒక్క గుక్క మాత్రం రుచి చూశాను. తీపి కాదు, మంట కాదు. తొలకరికి తడిసిన ఎండుటాకులు, ఎండు ఖర్జూరం, మా తాతగారి చుట్టల పెట్టె, ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి జ్ఞాపకం వచ్చాయి. మా ఆవిడ వాసన చూసి తల వూపింది. మామ్మగారు కళ్ళు మూసుకుని, ‘‘ఆ మొక్కలు ఒక్కటీ లేవు. ఇదీ వాటి రుచి,’’ అన్నారు. అరగంటకల్లా ఆ పరిమళం పలచబడిపోయింది. అంత పాతది గాలికి ఎక్కువసేపు తట్టుకోలేదట.

మర్నాడు పంతులుగారు ఖాళీ అయిన అరలో 2016 సీసాలు ఆరు సర్దారు. ఆ సంవత్సరం బోర్డో పంటకు మంచి పేరు. ఆయన మనమరాలు పుట్టినదీ అప్పుడే. మామ్మగారు లాంతరు పట్టుకుని దగ్గరుండి చూశారు.

‘‘ఇవి ఎప్పుడు తీస్తారు?’’ అని మా ఆవిడ అడిగింది.

‘‘2037లో, దానికి ఇరవయ్యొకటి నిండినప్పుడు,’’ అన్నారు మామ్మగారు. పలకమీది పాత అంకెలను కొంగుతో తుడిచినట్లు చేతిరుమాలుతో తుడిచి, సుద్దముక్క కోసం చెయ్యి చాపారు.